ముందు పోయే గొర్రు

“ఎవుడు చేసినాడు ఈ పని? వాని చేతులు పడిపోను!”

నాగలక్ష్మమ్మ పెట్టిన కేకకు కొట్టంలో ఎద్దులు రెండూ లేచి నిలబడినాయి.

విత్తే గొర్రు వాకిట్లో ముక్కలై పడుండాది. వెదురు గొట్టాలు నిలువునా చీలిపోయినాయి. విత్తనం పోసే కొయ్యగిన్నె, ఆ జడ్డిగం, రెండు చిప్పలై యాడికో దొర్లింది. నిన్న సాయంత్రం వాన నిలవంగానే ఆ గొర్రుకు పసుపు రాసి, కుంకం పెట్టి, గోడకు ఆనించింది ఆమే. ఇప్పుడు ఆ పసుపు బురదలో కలిసిపోయింది.

“త్రివేణీ! యాడుండావే? వచ్చి చూడు. మనింటి మీద పగబట్టినారు. ఇది ఆ కదిరప్ప పనే. వాని గొర్రు ఊరికి ముందు పోవాలని ఎన్నేండ్ల నుంచి కాచుకోనుండాడో!”

కోడలు పరిగెత్తుకుంటా వచ్చింది. ముక్కల్ని చూసింది. గోడవార నిలబెట్టిన గొడ్డలిని చూసింది. అది వాళ్ళింటి గొడ్డలే.

“అత్తా, మెల్లగా. ఊరంతా బైటే ఉండాది.”

“ఉండనీ. ఊరు వినాలనే అరుస్తాండా.”

“కదిరప్ప కాదు అత్తా.”

“నీకెట్ల తెలుసు?”

త్రివేణి కొట్టం దిక్కు చూసింది.

ఎద్దుల నడుమ మామ ఈశ్వరప్ప గొంతుక్కూచోనుండాడు. అరచేతిలో వెదురు పేళ్లు దిగి నెత్తురు కారతాంది. తుడుచుకోలేదు.

“నేనే,” అన్నాడు.

నాగలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

“నీకేమన్నా గాలి సోకిందా? మీ తాత చేయించిన గొర్రు అది. మీ నాయన పట్టిన గొర్రు.”

“అందుకే.”

“ఏమి అందుకే?”

“అది ఉంటే వచ్చి పిలుస్తారు. లేకపోతే పిలవరు.”

అంతే. ఎద్దు ఒకటి మూతి చాపి ఆయన భుజం నాకింది.

బైట ఊరి చివర జనం పొద్దున్నుంచి నిలబడుండారు. ఎద్దులకు గొర్లు కట్టుకోని నిలబడుండారు. ఓబిలేష్ అయితే ట్రాక్టరు ఇంజను కూడా ఆపలేదు, దడదడా కొట్టుకుంటానే ఉండాది. అందరూ చూసేది ఈ ఇంటి దిక్కే.

ఈ ఊర్లో ట్రాక్టర్లు వచ్చినాయి, వాన ఎప్పుడొస్తాదో చెప్పే ఫోన్లొచ్చినాయి. అయినా ఈశ్వరప్ప ఇంటి ఎద్దుల మెడగంటలు మోగితేగానీ ఒక్కరూ విత్తనం నేలకెయ్యరు. ఎవరో పెట్టిన కట్టడి కాదు ఇది. ఆయన తాత మంచి రైతు. మన్ను పిడికిట్లో పట్టి విత్తేంత తడి, పదును, ఉండాదో లేదో చెప్పేటోడు. ఆయన చెప్పింది నాలుగుసార్లు నిజమైంది. అంతటితో ఊరు నడుం వంచి మన్ను చూసుకునేది మానేసింది. తన చేన్లో తడి ఎంతుండాదో పక్కోని ఎద్దుల గంటలు విని తెలుసుకునే రోగం పట్టుకుంది. ఇది రోగమని చెప్తే ఆచారమంటారు.

నెల కింద ఆరుద్ర కార్తెలో ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు. ఎందుకు జరిగిందో మాత్రం ఈ ఇంట్లో ముగ్గురికే తెలుసు.

ఈశ్వరప్ప చేను వంక పక్కన తగ్గులో ఉండాది. ఒండ్రు నేల. ఆ పొద్దు అక్కడ చెయ్యి మునిగేంత పదునుండాది. ఊరోళ్ల చేన్లన్నీ మిట్ట మీద, ఎర్ర గరుసు నేల. అక్కడ వాన పైపొర తడిపి పోయింది. ఈశ్వరప్ప తన చేన్లో శెనక్కాయ విత్తినాడు. గంటలు మోగినాయి. ఊరంతా విత్తింది. ఆ తర్వాత మబ్బు మొగం చూపించలేదు. మిట్ట మీద విత్తనం ఉబ్బి, మొలక తల ఎత్తకముందే భూమిలో మాడిపోయింది.

ఇప్పుడు ఊరి మొత్తానికి పచ్చగా ఉండేది ఒక్క చేనే. ఈశ్వరప్పది. పసుపుపచ్చ పూత కూడా పట్టింది. ఆ దారిన పోవాలంటే ఆయనకు తల ఎత్తబుద్ధి కాదు.

“ఎవురి చేను వాళ్ళు చూసుకోవాల,” అనింది నాగలక్ష్మమ్మ, గొంతు తగ్గించి. “నువ్వేమన్నా విత్తమని చెప్పినావా వాళ్ళకు?”

“చెప్పలే.”

“మరి?”

“వద్దని కూడా చెప్పలే.”

“చెప్పకపోతే నీదా తప్పు? దేవుడు వాన కురిపీకపోతే నీదా?”

“గంటలు కట్టొద్దంటిని నీకు,” అన్నాడు ఈశ్వరప్ప. “మనదొక్క చేనే తడిసింది, సద్దు లేకుండా విత్తుకోనొస్తానంటిని. అన్నానా లేదా?”

నాగలక్ష్మమ్మ ముక్కల్ని ఏరడం మొదలుపెట్టింది. ఒకదాని పక్కన ఒకటి పెడతాంది. అతుకుతాయేమో అన్నట్ల.

“అన్నానా లేదా చెప్పు.”

“అన్నావు. నేను కట్టినా. గంటల్లేకుండా గొర్రు పోతే చావింటి నుంచి పోయినట్లుంటాది. ఆ కదిరప్ప పెండ్లాం బోరింగుకాడ అందరి ముందరా ఏమనిందో తెలుసా? ‘ఈ యేడు మా గొర్రే ముందంట గదక్కా’ అనింది. నాకు ఒళ్ళు మండింది. కట్టినా. అయితే ఏమంటావిప్పుడు? ఊరి పంటంతా నేను మాడ్చినానా? నా నోట్లో నుంచి వచ్చిందా ఎండ?”

త్రివేణి వంగి ఒక వెదురు ముక్క తీసి అత్తకు అందించింది.

“చెప్పండి! అత్త మీద నేరం పెట్టాలని నీకు కూడా ఉండాదేమో, చెప్పు త్రివేణీ!”

“నాకు నోరెక్కడుంది అత్తా,” అనింది త్రివేణి. “ఆ పొద్దు మామ గొర్రు పడితే వెనక విత్తనం వేసింది నేనే. మిట్ట మీద కుళ్లాయప్ప మామ గొర్రు పోతాంటే ఎర్రగా ధూళి లేచింది. తడి నేలలో ధూళి లేస్తాదా? చూసినా. మామ కూడా చూసినాడు. నేను మామ మొగం చూసినా, ఏమన్నా అంటాడేమోనని. మామ అనలేదు. మామే గమ్మునుంటే నాదేముందిలే అనుకున్యా.”

ఆ మాట ఈశ్వరప్పకు ఎక్కడ తగలాలో ఆడ తగిలింది.

“నీ మొగునికి ఫోన్ చెయ్యి,” అనింది నాగలక్ష్మమ్మ. “తాడిపత్రిలో ఆ బండల లారీ యాడన్నా నిలిపి రమ్మను. వాళ్ళ నాయనకు వాడే చెప్పాల.”

“చేసినా. ‘నాయన ఎట్ల చెప్తే అట్ల చెయ్యండి’ అన్నాడు.”

ఇట్లాంటప్పుడు కూడా త్రివేణికి నవ్వొచ్చింది. మామ మొగం చూసి మింగేసింది.

“ఈశ్వరప్పన్నా! ఓ అన్నా!”

కుళ్లాయప్ప తడిక తోసుకోని వచ్చినాడు. వెనక ఆయన పెండ్లాం తిరుపాలమ్మ. ఆమె ఒడిలో విత్తనం మూట. ఇద్దరి వెనక ఓబిలేష్, ఇంకా నలుగురైదుగురు. వాకిట్లో ముక్కలు చూసి అందరూ ఆగిపోయినారు.

“ఏందన్నా ఇది?”

“పగలగొట్టినా.”

“ఎందుకు?”

ఈశ్వరప్ప లేచి నిలబడినాడు. ఎద్దు మెడ పట్టుకున్నాడు.

“కుళ్లాయప్పా, ఆరుద్రలో నీ చేన్లో పదును లేదు. నాకు తెలుసు. నీ గొర్రు వెనక ధూళి లేచేది నా కండ్లతో చూసినా. ఓబిలేషూ, నీ చేన్లోనూ లేదు. ఆపండని అరవాలని నోరు తెరిచినా. మల్లా మూసుకున్యా.”

“ఎందుకు మూసుకున్నావు బావా?” అనింది తిరుపాలమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు. ఊరికే అడిగింది. దానికే ఆయనకు కష్టమైంది.

“బాగనిపించింది,” అన్నాడు. “ఇంతమంది నా వెనక బారు కట్టి వస్తాంటే, ఆ గంటలు, ఆ కేకలు... బాగనిపించింది తల్లీ. ఇంకొంచెం సేపు ఉండనీ అనుకున్యా. అంతలో అందరూ విత్తేసినారు.”

ఆయన అనుకున్నాడు, తిడతారని. కుళ్లాయప్ప గొంతు పట్టుకుంటాడని అనుకున్నాడు. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

కుళ్లాయప్ప కండ్లు తుడుచుకున్నాడు.

“చూసినారా అప్పా? మా నష్టం తన మీద ఏసుకుంటాండాడు. మనిషంటే ఈయన.”

“నేను నిజం చెప్తాండా!”

“నిజమే అన్నా. నిజం చెప్పేటోడు కాబట్టే నీ వెనక వచ్చేది. మన దగ్గర ఓట్లేయించుకోని పోయినోళ్ళలో ఒక్కడన్నా ఇట్ల వాకిట్లో నిలబడి నాది తప్పు అన్నాడా?” అన్నాడు ఓబిలేష్. “మా ఎమ్మెల్యే అభ్యర్థివి నువ్వే పో!”

నవ్వినారు. ఏడ్చేవాళ్ళు కూడా నవ్వినారు. తిరుపాలమ్మ మాత్రం నవ్వలేదు. మూట మీద చెయ్యి బిగించింది.

“గొర్రు పోతే పోనీలే,” అన్నాడు కుళ్లాయప్ప. “నా గొర్రుండాది. నీ చెయ్యి చాలు. వచ్చి మా చేన్లో తొలి సాలు పట్టన్నా. పుష్యమి కార్తె దాటితే శెనక్కాయకు అదను లేదని నీకు నేను చెప్పాల్నా?”

“నేను రాను.”

“రావా?”

“రాను. ఇంక ఎవురూ నన్ను చూడొద్దండి.”

ఓబిలేష్ వెనక్కి తిరిగి కేకేసినాడు. “ఎద్దుల్ని విప్పండప్పోయ్! పదును లేదంట!”

“పదును లేదని నేను యాడన్యా?”

“నువ్వు రానంటే అర్థమదే గదన్నా.”

ఈశ్వరప్ప నిలబడినచోటే నిలబడిపోయినాడు. గొర్రు పగలగొడితే ఊరు తనను వదిలిపెడుతుందనుకున్నాడు. కూర్చున్నా చూస్తాండారు, లేచినా చూస్తాండారు. మిట్ట మీద నాలుగు చేన్లు తడవకపోయినా, పడమటి దిక్కు ఇంకో నాలుగు చేన్లు నిన్నటి వానకు నిజంగా తడిసుంటాయి. అవి కూడా ఈ పొద్దు విత్తకుండా పోతాయి. అదీ తన లెక్కలోకే.

“ఎవురి చేన్లో వాళ్ళు వంగి, చెయ్యి పెట్టి చూసుకోండప్పా,” అన్నాడు. అడుక్కున్నట్ల అన్నాడు. “ఉంటే విత్తండి. లేకపోతే వద్దు. అంతే గదా!”

“చూసుకుంటాం,” అన్నాడు కుళ్లాయప్ప. “నువ్వు చూసినాక.”

నాగలక్ష్మమ్మ ముక్కలు ఏరడం ఆపి లోపలికి పోయింది. దేవుని గూటి కింద గుడ్డలో చుట్టి పెట్టిన గంటలు తెచ్చింది. కొట్టంలోకి నడిచి, మొగుని పక్క నుంచే వంగి, ఒక ఎద్దు మెడకు కట్టింది. రెండోదానికి కట్టింది. ముడి రెండుసార్లు జారింది.

“ఏం చేస్తాండావు?” అన్నాడు ఈశ్వరప్ప.

“ఆ పొద్దు కట్టింది తప్పయితే ఈ పొద్దు కూడా కడ్తా. పంట పండనీ. అప్పుడు తెలుస్తాది గంటలది తప్పా, వానది తప్పా అని.”

పగ్గాలు తీసి కుళ్లాయప్ప చేతిలో పెట్టింది.

“మా ఆయన చెయ్యి రాకపోతే మానె. ఈ ఇంటి ఎద్దులుండాయి. తోలుకోపో.”

పట్టుకోవాల్సింది ఈశ్వరప్ప. పగ్గం గుంజుకోవాల్సింది. నాగలక్ష్మమ్మ కండ్లలోకి చూసినాడు. ఆ కండ్లలో పొగరు లేదు. నా నెత్తిన ఇంత పెద్ద మూట పెట్టొద్దు, నేను మొయ్యలేనని అడుగుతాండాయి అవి. ఆయన చెయ్యి లేవలేదు.

ఎద్దులు కదిలినాయి. గంటలు మోగినాయి.

తడిక బైట నుంచి ఒక్కసారిగా ఈలలు, కేకలు. విప్పిన ఎద్దుల్ని మళ్ళీ కట్టేస్తాండారు.

“మామా, రా,” అనింది త్రివేణి. “ఈడ కూచుంటే కాదు. రా పోదాం.”

వాళ్ళిద్దరూ అడ్డదోవన మిట్ట ఎక్కేసరికి తిరుపాలమ్మ అప్పటికే అక్కడుండాది. జనంతో రాకుండా ముందే వచ్చేసింది. తన చేను నడుమ మోకాళ్ళ మీద కూచోని, చేతుల్తోనే మన్ను తోడతాంది. మూట ఒడిలోనే ఉండాది. ఆ విత్తనం ఆమె పుట్టినింటి నుంచి తెచ్చుకున్నది. వదిన మొగం మాడ్చుకున్నా, తల వంచుకోని తెచ్చుకుంది. ఇది కూడా పోతే ఇంక అడిగే ఇల్లు లేదు.

“బావా, ఇట్ల రా.”

ఈశ్వరప్ప పోయి చూసినాడు. పైన నాలుగు వేళ్ళ మందం ఎర్రగా, చల్లగా తడి. దాని కింద మన్ను పిండి లాగ రాలతాంది. మొన్న ఎండాకాలం మన్నే అది. వాన దానికి ఇంకా తెలియనే తెలియదు.

“ఇది పదునా?”

“కాదు.”

“ఆ మాట మా ఆయనకు చెప్పు.”

గంటలు దగ్గరికొచ్చినాయి. కుళ్లాయప్ప ఎద్దుల్ని చేన్లోకి దింపి తన గొర్రు కడ్తాండాడు. మొగం వెలిగిపోతాంది. ఈశ్వరప్పను చూసి ఇంకా వెలిగింది.

“వచ్చినావా అన్నా! నాకు తెలుసు, నువ్వు రాకుండా ఉండవని. చూడండప్పా, అన్న వచ్చినాడు!”

ఆ కేక మిట్ట కింది దాకా పోయింది. అన్న వచ్చినాడంట, అన్న వచ్చినాడంట అని నోటికి నోరు అందించుకున్నారు. ఈశ్వరప్పకు ఆ కేక చెవిలో పడిన క్షణంలో ఏమైందో రాసేదానికి సిగ్గేస్తాది. ఆయన ఛాతీలో ఏదో మళ్ళీ పొంగింది. ఇంత జరిగినాక కూడా పొంగింది. తన మీద తనకే అసహ్యమేసి, ఆ అసహ్యంలో చెప్పాల్సిన మాట వెనకబడింది.

“పదును లేదు,” అనింది తిరుపాలమ్మ మొగునితో. “చూడు. గుంట తోడినా.”

“ఆ ఇంటి ఎద్దులు చేన్లో దిగినాక పదును లేదంటావా? అన్న ఇక్కడే నిలబడుండాడు గదా. లేకపోతే ఆయన చెప్పడా?”

ఆమె ఈశ్వరప్పను చూసింది. ఒక్క క్షణమే చూసింది.

“నలుగురు నవ్వుతారు. లే. జడ్డిగంలో విత్తనం పోద్దువు, నడువు,” అన్నాడు కుళ్లాయప్ప.

తిరుపాలమ్మ లేచింది. చేతుల మన్ను దులుపుకోని గొర్రు వెనక నిలబడింది. మొగుని మాట నలుగురిలో కాదనడం ఆమెకు అలవాటు లేదు.

“హై!” అన్నాడు కుళ్లాయప్ప.

గొర్రు కదిలింది. ఒడిలోకి చెయ్యి పోయింది, పిడికిలి బైటికొచ్చింది, జడ్డిగం మీదికి పోయింది. మళ్ళీ ఒడిలోకి. మళ్ళీ జడ్డిగం మీదికి. విత్తేటప్పుడు ఆడోళ్ళ చెయ్యి ఎట్ల ఆడాలో అట్లే ఆడతాంది. ఊరు చూసింది. ఈశ్వరప్ప ఇంటి ఎద్దులు, కుళ్లాయప్ప గొర్రు, వెనక తిరుపాలమ్మ. తొలి సాలు పడింది.

ఓబిలేష్ ట్రాక్టరు గేరు మార్చిన సద్దు వచ్చింది. దాని వెనక గొర్లన్నీ ఎవరి చేన్లోకి వాళ్ళవి దిగినాయి. ఏ ఒక్కరూ వంగలేదు. మూటలు విప్పుతాండారు.

త్రివేణి మామ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెదురు పేళ్లు దిగిన చెయ్యే అది. ఆయనకు నొప్పి తెలియలేదు.

“మామా. తిరుపాలమ్మత్త చేతిని చూడు.”

చూసినాడు.

పిడికిలి జడ్డిగం మీదికి పోతాంది, వస్తాంది. తెరుచుకోవడం లేదు. ఒక్క గింజ కూడా రాలడం లేదు. గొర్రు ఇనుప పండ్లు వట్టి మన్నును చీల్చుకుంటా పోతాండాయి. వాటి వెనక ఎర్రగా, సన్నగా ధూళి లేస్తాంది.

తిరుపాలమ్మ తన విత్తనం తను దాచుకుంది. ఊరు ఆ వట్టి సాలును చూసి ఉన్నదంతా జడ్డిగాల్లో పోసుకుంటాంది.

ఆపమంటే సాలు తవ్వి చూస్తారు, కుళ్లాయప్ప ముందర ఆమె గుట్టు బైటపడుతుంది. అనకపోతే ఊరి విత్తనమంతా మన్నుపాలవుతుంది. గంటలు గట్టు మలుపు దాకా పోయి వెనక్కి తిరిగినాయి.

ఈశ్వరప్ప నోరు తెరిచినాడు.

ఆరుద్రలో కూడా ఇట్లే తెరిచినాడు.